ముత్యం వద్దన్న గడ్డి

బెంగళూరు అంచున ఉన్న వర్తూరులో పిల్లప్ప ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పేవారు కాదు. "గుర్రం వాసన వచ్చేదాకా పోండి" అనేవారు. చెరువు వెనకాల రెండు పెద్ద అపార్టుమెంట్ల ప్రహరీల మధ్య ఇరుక్కుపోయిన నాలుగు రేకుల ఇళ్లలో చివరిది ఆయనది. ముందు గుర్రపు కొట్టం, దాని వెనక మొగుడూ పెళ్లాలుండే గది, పైన ఒక అద్దె గది. ఇంటికి ఎవరొచ్చినా మొదటి పలకరింపు గుర్రానిది, రెండోది ఆయన భార్య అక్కయమ్మది. పిల్లప్పది మూడోది. ఎందుకంటే ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది, ఆ పని సగంలో వదిలేస్తే ఆయనకు తిండి సయించేది కాదు.

పిల్లప్ప తాత జట్కా తోలాడు, నాయన జట్కా తోలాడు. జట్కాలు పోయి ఆటోలొచ్చాక చుట్టాలంతా గుర్రాలమ్మి ఆటోలు కొన్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈయన మాత్రం గుర్రంతోనే ఉండిపోయాడు. పెళ్లి ఊరేగింపులకు తోలేవాడు. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని నడుములు పోగొట్టుకున్న పెళ్లికొడుకుల్ని గుర్రమెక్కించి, వాళ్లు కిందపడకుండా, వాళ్ల తలపాగా పడకుండా, బాజాల మోతకు గుర్రం బెదరకుండా కల్యాణమంటపం దాకా నడిపించడం ఆయన బతుకు. కోటి విద్యలూ కూటికొరకే.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. పెళ్లిళ్లు లేని నెలల్లోనూ గుర్రం తింటుంది కదా. అందుకని పిల్లప్ప బజారులో దొరికే ప్రతి వస్తువుకూ ఇంట్లో ఒక బదులు కనిపెట్టాడు. గిట్టలకు పూసే డబ్బా మందు మానేసి ఆముదం, వేపనూనె, తేనెమైనం కలిపి కాచేవాడు. ఒళ్లు రుద్దడానికి కొబ్బరి పీచును కట్టగట్టి, పిడిగా పాత చెప్పు పట్టా కుట్టేవాడు. అక్కయమ్మ పాత చీర అంచుల్ని పోగులుగా చీల్చి, ఈగలు వాలకుండా గుర్రం నుదుటికి వేలాడదీసేవాడు. వానాకాలం కప్పడానికి దుప్పటి మీద ఫ్లెక్సీ గుడ్డ కుట్టేవాడు. వీధి చివర పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి వాడిపోయిన నాయకుడెవరో గుర్రం పిరుదు మీద తలకిందులుగా నమస్కారం పెడుతూ ఊరంతా తిరిగేవాడు. దానికి జనం నవ్వేవారు. పిల్లప్ప నవ్వేవాడు కాదు. ఆయనకు అది దుప్పటి, అంతే.

పై గదిలో అద్దెకుండే సుప్రియ ఇవన్నీ చూసింది. ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చిన నర్సు, ఆదివారం చర్చికి వెళ్లొచ్చాక తీరిక. "తాతయ్యా, ఇవి వీడియోలు తీసి పెడదాం, సూపర్‌గా ఉంటాయి" అని ఫోను పట్టుకుని కూర్చుంది. ఆయన మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత వీడియో ఉందంటే పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి వీడియో చివరా రెండు అరచేతులూ తెరిచి చూపించి, "చూస్తిరి కదా, ఖర్చేమీ లేదు!" అనేవాడు. ఆ మాట కోసమే చూసేవాళ్లు తయారయ్యారు. హోసకోట నుంచి, కోలారు నుంచి, ఎక్కడో అనంతపురం నుంచి గుర్రాలవాళ్లు ఫోన్లు చేసి, "మామా, గిట్ట పగిలింది, ఏం పూసేది?" అని అడిగేవారు. అరవై రెండేళ్లకు పిల్లప్పకు ఒక గౌరవం వచ్చింది. అది ఆయనకు ఎంత బాగుండేదో మనిషి నడకలోనే తెలిసేది.

ఇన్ని చేసింది ముత్యం కోసం. రేసుల్లో పరుగు చాలదని వదిలేసిన బూడిదరంగు ఆడగుర్రం. వచ్చినప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేది, మనిషి చెయ్యెత్తితే చాలు వణికేది. మూడు నెలలు పిల్లప్ప దాని పక్కనే గోనెసంచి పరచుకుని పడుకున్నాడు. నాలుగో నెలలో అది ఆయన చేతిలోంచి మొదటిసారి ఉలవలు తిన్నది. ఆయన లేచి వెళ్లి, పొయ్యి దగ్గరున్న అక్కయమ్మకు ఆ తడిసిన అరచేతిని చూపించాడు. అది పదకొండేళ్ల కిందటి మాట. అప్పటినుంచీ ముత్యానికి ఆ చెయ్యి అంటే నమ్మకం. వేరేవాళ్లు బెల్లం ముక్క పెట్టినా మూతి తిప్పుకునేది. ఆయన చేదు కషాయం పోసినా గుటుక్కున మింగేది.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉండేది. పొద్దున్నే అక్కయమ్మ ఒకే కుండలో ఉలవలు ఉడకబెట్టేది. గింజలు ముత్యానికి, వార్చిన కట్టుతో మనుషులకు చారు. ముందు గుర్రానికి పెట్టాకే తాము రాగిముద్ద మీద ఆ చారు పోసుకునేవారు. అత్తగారి కాలం నుంచి అలాగే. "మేము ముగ్గురం ఒకే కుండలో తింటాము" అని అక్కయమ్మ సుప్రియకు గొప్పగా చెప్పుకునేది.

ముత్యం పై పెదవి గురించి చెప్పాలి. అది పెదవి కాదు, బియ్యంలో రాళ్లేరే ముసలమ్మ వేళ్లు. గడ్డి మోపు వేస్తే పెదవితో కదిపి కదిపి, పుల్ల పక్కకు, ముల్లు పక్కకు, పేరు తెలియని ఆకు పక్కకు తోసి, తనకు కావలసింది మాత్రమే లాక్కునేది. అది తోసేసిన కుప్పను పిల్లప్ప రోజూ ఊడ్చి పారబోసేవాడు. పారబోసే ముందు పనికొచ్చేదేమైనా ఉందా అని చేత్తో కెలికి చూసేవాడు. ఏ వస్తువునూ పారేయని మనిషి కదా.

చెరువు గట్టుకు కంచె పడ్డాక పచ్చిగడ్డి కరువైంది. అప్పుడు దొరికాడు బాలరాజు. పక్క అపార్టుమెంటులో తోటపని మేస్త్రీ, అతనూ తెలుగువాడే, మదనపల్లె వైపు. లాన్ మీద మిషను తిప్పాక పోగయ్యే గడ్డి తురుమును సంచుల్లో నింపి చెత్తబండికి ఇచ్చేవాడు. "చెత్తకు పోయేదే కదన్నా, నువ్వే తీసుకో" అన్నాడు. పిల్లప్పకు పండగే అయింది. రోజూ రెండు సంచులు మోసుకొచ్చేవాడు. అయితే ఆ తురుము ముత్యానికి నచ్చలేదు. మిషను కోసిన గడ్డి పొడిపొడిగా, ఆకూ పుల్లా అంతా ఒకటైపోయి ఉంటుంది. దాని పెదవికి ఏరడానికి చిక్కదు. కాసేపు కదిపి, సగానికి సగం వదిలేసేది.

పిల్లప్ప రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోసి తొట్టి చేశాడు. గడ్డి తురుములో గోధుమ తవుడు కలిపి, పైన బెల్లం నీళ్లు చిలకరించి బాగా పిసికాడు. ముత్యం వాసన చూసింది, నాకింది, తొట్టి అడుగు దాకా తినేసింది. ఆయన సంతోషం చూడాలి! సుప్రియ వీడియో తీసింది. ఖాళీ తొట్టిని వంచి చూపించి, "ఒక్క పోచ కూడా మిగల్లేదు. చూస్తిరి కదా, ఖర్చేమీ లేదు!" అన్నాడు. అంతకుముందు తీసినవాటి కన్నా దానినే ఎక్కువమంది చూశారు.

అక్కయమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. తొట్టి కడుగుతూ, "ఇదో, అది వద్దన్నదాన్ని బెల్లం పూసి తినిపించేదేల? దానికి తెలియదా ఏం తినాలో?" అన్నది.

"నీకేం తెలుసే, సుమ్నే ఉండు, మాట్లాడకు" అన్నాడు పిల్లప్ప. నిజానికి ఆమెకు తెలుసు. నలభై ఏళ్లుగా మూడు గుర్రాలు తోసేసిన కుప్పలను ఊడ్చింది ఆమె కూడా.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, పైగా వానలు. లాన్లు మోకాటి ఎత్తు పెరిగాయి. ఒక సోమవారం పొద్దున పిల్లప్ప వెళ్లేసరికి బాలరాజు సంచులు గేటు దగ్గర పెట్టి లోపల ఎక్కడో పనిలో ఉన్నాడు. పిల్లప్ప సంచులు భుజాన వేసుకుని వచ్చేశాడు. ఏ గడ్డి తెచ్చినా నేల మీద బోర్లించి, ఆరబెట్టి, చేత్తో కెలికి చూడడం ఆయన నాయన నేర్పిన పద్ధతి. ఆ రోజు వాన. ఆరబెట్టే చోటు తడిగా ఉంది. తొట్టిలో నేరుగా కుమ్మరించి, తవుడు వేసి, బెల్లం నీళ్లు చిలకరించాడు.

ముత్యం మూతి పెట్టి తీసేసింది. పెదవితో కదిపింది, వెనక్కి జరిగింది. పిల్లప్ప ఇంకొంచెం బెల్లం నీళ్లు పోసి కలిపాడు. మళ్లీ మూతి పెట్టి, ముక్కు చీది, తల తిప్పుకున్నది. మూడోసారి తొట్టినే మూతితో అవతలికి నెట్టింది.

"ఏమమ్మా నీ అలక, ఈ మాసంలో ఇంకేం తెచ్చేది నీకు?" అని బుజ్జగిస్తూ పిల్లప్ప దోసిట్లోకి తీసుకుని దాని నోటి దగ్గర పెట్టాడు. ముత్యం ఆయన మొహం వైపు చూసింది. ఆయన చెయ్యి కదా. తిన్నది. ఇంకో దోసిలి పెట్టాడు, అదీ తిన్నది. అలా పది పన్నెండు దోసిళ్లు ఓపికగా తినిపించాడు. తినిపించేటప్పుడు దాని చెవి వెనక గోకుతూ ఏదో పాట కూడా పాడాడు.

పది గంటలకు ముత్యం నిలబడలేక కాళ్లు మార్చడం మొదలుపెట్టింది. పక్కలకు తిరిగి తన పొట్టనే చూసుకుంటోంది. పిల్లప్పకు కడుపునొప్పి అని తెలుసు. గుర్రాలకు అది మామూలే, దానికి మందు కూడా తెలుసు. వాము, ఇంగువ, శొంఠి, నల్ల ఉప్పు కషాయం. ఆ కషాయం మీదా ఒక వీడియో ఉంది. అక్కయమ్మ కొట్టం గడప దగ్గర నిలబడి, "ఒళ్లంతా చెమట్లు పడతా ఉండాది. ఇది మామూలు నొప్పి కాదు, డాక్టరమ్మను పిలువప్పా" అన్నది.

"ఒక గంట చూస్తాము."

"గంట దేనికి?"

"నా గుర్రం సంగతి నాకు తెలీదా ఏమే?" అని కసిరాడు. గంట అయింది. ఇంకో గంట కూడా అయింది. కషాయం పోస్తే ముత్యం మింగింది, ఆయన పోశాడు కాబట్టి. చెవులు చల్లబడ్డాయి, కాళ్లు చల్లబడ్డాయి. ఆయన మెడ మీద చెయ్యి వేసి చూస్తే నాడి రెండడుగులు నడిచి ఒకటి తప్పుతోంది. అప్పుడు భయపడ్డాడు. అప్పుడు ఫోను తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పశువుల డాక్టరమ్మ స్కూటీ మీద వానలో తడుస్తూ వచ్చింది. గుండె దగ్గర గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. లేచి, తొట్టిలో మిగిలిన తడి గడ్డిలోకి చెయ్యి పెట్టింది. వేళ్లతో విప్పి విప్పి, కొన్ని ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకుంది. గట్టిగా, మందంగా, మధ్యలో తెల్లటి ఈనె ఉన్న ముక్కలు. పిల్లప్ప ముందు చాచింది. ఆమె పేరు చెప్పనవసరం లేకపోయింది. గన్నేరు.

"ఎంత తిన్నది?" అని అడిగింది డాక్టరమ్మ కన్నడంలో.

పిల్లప్ప తన రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాడు.

ఆమె బొగ్గుపొడి నీళ్లలో కలిపి గొట్టంతో పట్టించింది, సూదులు వేసింది. సుప్రియ డ్యూటీకి వెళ్లడం మానేసి సెలైన్ సీసా పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ మంచి మనిషి. "పొద్దున్నే పిలిచినా బతికేదని చెప్పలేను" అన్నది. పిల్లప్ప ఆ మాటలో 'పొద్దున్నే' ఒక్కటే విన్నాడు.

బాలరాజు ఫోనులో ఏడుపు గొంతుతో చెప్పాడు. శనివారం గోడ వెంబడి గన్నేరు చెట్లు కత్తిరించారట. రాలిన ఆకుల మీదనే పనివాళ్లు గడ్డి మిషను తిప్పేశారట. "నేను చెప్పుండాల్సిందన్నా, నాకు తోచలేదు" అన్నాడు. పిల్లప్ప అతన్ని తప్పుపట్టలేదు. సంచి బోర్లించి చూడాల్సింది ఎవరో ఆయనకు తెలుసు.

వాన వెలిసి, చెరువు మీద ఎండ పసుపుగా పడుతున్న వేళ ముత్యం ముందుకాళ్లు మడిచి కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది. పిల్లప్ప దాని తలను ఒళ్లో పెట్టుకున్నాడు. గుర్రం తల చాలా బరువు, తొడలు తిమ్మిరెక్కాయి, ఆయన కదల్లేదు. చివరిదాకా అది పెదవిని ఆయన అరచేతిలో ఆడిస్తూనే ఉంది, అందులో ఏమైనా ఉందేమోనని. ఏమీ లేదు. కాసేపటికి పెదవి ఆగింది.

పిల్లప్ప పెద్దగా ఏడ్చాడు. అరవై రెండేళ్ల మనిషి, మీసమున్న మనిషి, పసిపిల్లవాడు తల్లి కోసం ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చాడు. అపార్టుమెంటు బాల్కనీల్లోంచి జనం తొంగి చూశారు. అక్కయమ్మ ముత్యం మీద ఫ్లెక్సీ దుప్పటి కప్పింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తీసేసి, తన పెట్టెలోని మంచి చీర తెచ్చి కప్పింది. ఆ ఇంట్లో గుర్రానికి కొత్తగుడ్డ దక్కడం అదే మొదటిసారి.

మర్నాడు హోసకోట దగ్గర బంధువుల నీలగిరి తోటలో పూడ్చిపెట్టి వచ్చారు. చూడడానికి వచ్చినవాళ్లంతా తలా ఒక ఓదార్పు చెప్పారు. విధి అన్నారు, బాలరాజుది తప్పన్నారు, అపార్టుమెంటు వాళ్లను అడగాలన్నారు. పిల్లప్ప అందరికీ తలూపాడు. అక్కయమ్మ మాత్రం 'నేను ముందే చెప్పాను' అనలేదు. అంటే బాగుండునని ఆయన రోజూ ఎదురుచూశాడు. ఆమె అనలేదు. రాగిముద్ద పెట్టి, పక్కన మిరపకాయల పచ్చడి వేసేది. ఉలవలు ఉడకడం లేదు కాబట్టి చారు లేదు. ఇద్దరూ ముద్దను పచ్చడిలో అద్దుకుని, ఒకరినొకరు చూడకుండా తినేవారు.

పన్నెండో రోజు ఫోను మోగింది. హోసకోట నుంచి రాము. రెండు గుర్రాలవాడు, పిల్లప్ప వీడియోలన్నీ చూసేవాడు. ముత్యం సంగతి అతనికి తెలియదు.

"మామా, నీ బెల్లం నీళ్ల చిట్కా బో పని చేస్తా ఉండాది! ముందు సగం పారేస్తా ఉన్నింది మా గుర్రం. ఇప్పుడు ఏం వేసినా మిగల్చదు మామా, తొట్టి నాకేస్తాది!"

పిల్లప్ప చెవి దగ్గర ఫోను అలాగే ఉంచుకుని గోడకు ఆనుకున్నాడు.

"మామా? ఉండావా?"

"రాము, ఇప్పుడేమన్నా తొట్టిలో ఉండాదా?"

"ఉండాది మామా, ఇప్పుడే కలిపినా."

"పారబొయ్యి."

"ఏమంటివి?"

"పారబొయ్యి నాయనా! నీ కాళ్లు పట్టుకుంటా. తీసి నేల మీద పొయ్యి, ఉత్త గడ్డి వెయ్యి. అది ఏది వదిలేస్తాదో వదిలెయ్యనీ." రాము ఎందుకని అడుగుతూనే ఉన్నాడు. పిల్లప్ప చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి అవతల రాము కూడా ఏడుస్తున్నాడు.

ఆ ఆదివారం సుప్రియ చర్చి నుంచి వచ్చేసరికి పిల్లప్ప మెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. "ఇంకొకటి తియ్యమ్మా" అన్నాడు.

"తాతయ్యా, ఆ వీడియో డిలీట్ చేసేస్తాను, చాలదా? మీరెందుకు మళ్లీ..."

"చూసినోళ్లు చూసేసినారు కదమ్మా. వాళ్ల తలకాయల్లోంచి నువ్వు ఎట్ల తీస్తావు?"

ఖాళీ కొట్టంలో నీలం తొట్టి పక్కన ఆయన్ను నిలబెట్టి సుప్రియ ఫోను పట్టుకుంది. అక్కయమ్మ గడప మీద కూర్చుంది. పిల్లప్ప తొట్టి అంచు పట్టుకుని మొదలుపెట్టాడు.

"నా పేరు పిల్లప్ప. బెల్లం నీళ్లు చల్లితే గుర్రం ఏదీ మిగల్చదని మీకు చెప్పినాను. నిజమే, మిగల్చదు. వద్దన్నదాన్ని కూడా తింటాది. నా ముత్యం మూడుసార్లు వద్దన్నది. దానికి మాటలు రావు గానీ, మూతితో చెప్పింది. నేను వినలేదు. నా చేత్తో పెట్టినాను. నా చెయ్యి కాబట్టి తిన్నది. గన్నేరు అది. నేనే పెట్టినాను. నా ఇంటామె ముందే చెప్పింది, ఆమె మాటా వినలేదు." ఆయన గడప వైపు చూశాడు. అక్కయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "గుర్రం మిగిల్చిన గడ్డి నష్టం కాదప్పా. అది దాని బుద్ధి. దాన్ని మిగల్చనీండి. డాక్టరును పిలవాల్సొస్తే గంట చూస్తాము అనొద్దండి. ఇంతే నేను చెప్పాల్సింది."

అక్కడితో మాట అయిపోయింది. సుప్రియ ఫోను దించలేదు. ప్రతిసారీ చివర్లో ఆయన అనే మాట కోసం ఆగే అలవాటు ఆమె చేతిది. ఆయనకూ అలవాటే. రెండు అరచేతులూ వాటంతటవే తెరుచుకుని ఫోను ముందుకు వచ్చాయి.

"చూస్తిరి కదా, ఖర్చే..." అని, ఆ చేతుల్ని తానే చూసుకుని, ఆగిపోయాడు.

అక్కయమ్మ లేచి వచ్చి ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుని మూసింది. సుప్రియ వీడియోను ఎక్కడా కత్తిరించకుండా అలాగే పెట్టింది.